రాజీకి ముప్ఫై సెకన్లు

చింతపల్లిలో జీపులు ఆగే చోటుకి ఎదురు సందులో మా షాపు ఉండేది. ముందు గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక జిరాక్సు మిషను. వెనక రెండు గదుల్లో మా కాపురం. బడి ప్రశ్నపత్రాలు, శుభలేఖలు, చర్చి వాళ్ళ పాటల పుస్తకాలు, కాఫీ తోటల వాళ్ళ అర్జీలు, ఏది తెచ్చినా కొట్టిచ్చేవాళ్ళం. బోర్డు మీద 'రాజీ కంప్యూటర్స్' అని ఎర్ర రంగుతో రాసి ఉండేది. నా పేరేమో ఉమామహేశ్వరి. నా మంట ఆ బోర్డు దగ్గరే మొదలైంది.

రాజీ అంటే రాజకుమారి, మా ఆయన ప్రేమ్‌కుమార్ మొదటి భార్య. కొండ మీది పిల్ల. విశాఖలో హాస్టల్లో ఉండి కంప్యూటరు నేర్చుకుంది. సాలూరు నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన ఈయన్ని ప్రేమించి పెళ్ళి చేసుకుంది. ఇద్దరూ కలిసి ఈ షాపు పెట్టారు. 2002 వానల్లో మలేరియా మెదడుకెక్కి నాలుగు రోజుల్లో పోయింది. మరుసటేడు మే నెలలో ఆయన నన్ను చేసుకున్నారు. మాది విజయనగరం దగ్గర పల్లె. పీజీడీసీఏ చదివింది, షాపు చూసుకుంటుంది అని చేసుకున్నారు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ మనిషి నాకు నచ్చేశాడు, అక్కడే వచ్చింది చిక్కు. నచ్చకపోతే నేనంత కుళ్ళుకునేదాన్ని కాదు.

ఆమె ఫోటో ఒకటి గోడకి ఉండేది. దానికి దండ నేనే వేసేదాన్ని, శుక్రవారం దీపం నేనే పెట్టేదాన్ని. పోయిన మనిషితో నాకేం పోటీ అనుకున్నాను. కంప్యూటరు ఆన్ చేసే వరకూ అలాగే అనుకున్నాను.

ఆ కంప్యూటర్లో రెండు వాటాలుండేవి. ఒక వాటాలో విండోస్. షాపు పనంతా అందులోనే. రెండో వాటాలో లైనక్స్. పత్రికతో పాటు వచ్చిన సీడీ పెట్టి రాజకుమారి తన కోసం వేసుకుంది. అందుకని స్విచ్ నొక్కగానే ఏ వాటాలోకి వెళ్ళాలో అడుగుతూ ఒక మెనూ వచ్చేది. మామూలుగా అయితే అక్కడ లైనక్స్, విండోస్ అని ఉండాలి. ఈవిడ పేర్లు మార్చేసింది. పైన 'రాజీ', కింద 'ప్రేమ్'. మూలన ముప్ఫై నుంచి ఒక్కో అంకె తగ్గుతూ వచ్చేది. ఎవరూ ఏదీ నొక్కకపోతే, అంకె సున్నాకి రాగానే అదే 'ప్రేమ్' లోకి వెళ్ళిపోయేది.

ఎంటర్ నొక్కితే చాలు, ఆ ముప్ఫై సెకన్లు ఆగక్కర్లేదు. మా ఆయన నొక్కేవారు కాదు. కంప్యూటరు ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, అంకె తగ్గుతున్నంతసేపూ ఆ రెండు పేర్లనే చూసేవారు. టీ చల్లారిపోయేది. ఏజెన్సీలో కరెంటు సంగతి తెలిసిందే కదా, రోజుకి ఆరేడు సార్లు పోయేది. పోయి వచ్చిన ప్రతిసారీ ఆయన అలా నిలబడాల్సిందే. నేను పక్కనే ఉండేదాన్ని. నేను ఆయన్ని ఏమండీ అనేదాన్ని. ఆవిడ పేరు పెట్టి పిలిచేదని ఆ మెనూ నాకు రోజూ గుర్తు చేసేది.

ఒకసారి అడిగాను. "ఏమండీ, ఈ ఆగడం ఎందుకు? సెట్టింగు మార్చేస్తే నేరుగా విండోస్ వచ్చేస్తుంది కదా."

"వద్దు ఉమా. అది ముట్టుకోకు."

"టైం వేస్టు కదండీ."

"ముప్ఫై సెకన్లే కదా."

ముప్ఫై సెకన్లు నా మొహం వంక చూశారా ఎప్పుడైనా అని అడుగుదామనుకున్నాను. ఆ రాత్రి గిన్నెలు తోముతుంటే చప్పుడు వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

పెళ్ళయ్యాక వచ్చిన జనవరిలో రాజకుమారి తల్లి అసిరమ్మ వచ్చింది. కొత్త కందులు ఉడకబెట్టి అడ్డాకులో మూట కట్టి తెచ్చింది. వాళ్ళలో ఏ పంట చేతికొచ్చినా పోయినవాళ్ళకి పెట్టకుండా నోట్లో వేసుకోరు. దాన్ని కొత్త చెయ్యడం అంటారు. ఇంట్లో ఇంత చోటుండగా ఆవిడ తిన్నగా షాపులోకి వెళ్ళి, కంప్యూటరు బల్ల మీద ఆకు పరిచి కందులు పెట్టింది.

"అక్కడెందుకు అత్తా, ఫోటో దగ్గర పెట్టొచ్చు కదా" అన్నాను.

"మా గుంట కూకునీది ఇక్కడేనమ్మా" అంది కూతురి కుర్చీ చూపించి. "మొకం అటు తిప్పుకో. తింతన్నప్పుడు సూడకూడదు."

మా ఆయన అప్పటికే గోడ వైపు తిరిగి నిలబడ్డారు. నేనూ తిరిగాను, మొహం మాడ్చుకుని.

"ఎంతసేపు?"

"నాను సప్పట్లు కొట్టీవరకు."

"కొట్టకపోతే ఏమవుతుందేం?" అన్నాను వెటకారంగా.

ఆవిడకి వెటకారం అర్థం కాలేదు. "అయ్యో, కొట్టకపోతే ఎలాగమ్మా! సచ్చిపోయినోలకి టైమేటి తెలుస్తాది? తినీసి అలగే కూకుండిపోతారు. మనవే సెప్పాల, సాలు ఇంక బేగి ఎల్లమ్మా అని." కాసేపటికి మూడు సార్లు చప్పట్లు కొట్టి, ఆకు మడిచి, మిగిలిన కందులు మాకు పెట్టింది. సవతి ఎంగిలి తిన్నట్టు అనిపించింది.

అదిగో, ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఆ ముప్ఫై సెకన్లు ఆవిడకి దక్కనివ్వకూడదని.

జనవరి ముప్ఫై, శుక్రవారం. ప్రింటరు రిబ్బను కోసం మా ఆయన పొద్దున్నే జీపెక్కి నర్సీపట్నం వెళ్ళారు. సాయంత్రానికి గానీ రారు. మధ్యాహ్నం మూడింటికే పొగమంచు సందులోకి దిగింది. ఎదురుగా ఉన్న పాన్‌షాపు కూడా కనపడలేదు. షాపు తలుపు దగ్గరగా వేసి, రాజకుమారి అలమారలోంచి ఆ సీడీ వచ్చిన పత్రిక తీశాను.

అందులో అంతా ఉంది. ఆ మెనూ చూపించే ప్రోగ్రాం పేరు లిలో. దాని సెట్టింగులన్నీ లైనక్స్ వాటాలో ఒక చిన్న ఫైల్లో ఉంటాయి. టైమవుట్ అన్న లైన్లో మూడు వందలు అని ఉంటే ముప్ఫై సెకన్లు ఆగుతుంది, సెకనులో పదో వంతు లెక్క. పాస్‌వర్డ్ తెలీకపోతే పేరు పక్కన సింగిల్ అని కొట్టి లోపలికెలా వెళ్ళొచ్చో కూడా రాసి ఉంది. ఆ పేజీలో పెన్సిలు గీతలున్నాయి. ఆవిడవే.

మెనూ రాగానే 'రాజీ సింగిల్' అని కొట్టాను. ఆవిడ పేరు నా వేళ్ళతో కొట్టాల్సి వచ్చింది, ఏం చేస్తాం. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు గబగబా పరిగెత్తి ఆగాయి. ఎనిమిది నెలల్లో ఆ వాటాలో అడుగు పెట్టడం అదే మొదలు. పత్రిక ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో మాటా చూసుకుంటూ ఫైలు తెరిచాను. టైమవుట్ లైను దొరికింది.

మూడు వందలు చెరిపి ఒకటి అని పెట్టొచ్చు. పత్రికలోనూ అలాగే ఉంది. కానీ నాకు కడుపు మండిపోతోంది. తగ్గించడం కాదు, ఆవిడ కోసం ఆగే మాటే ఆ ఫైల్లో ఉండకూడదు అనుకున్నాను. లైను మొత్తం తీసేశాను. సేవ్ చేసి, లిలోని ఒకసారి నడిపాను. రాజీ చేరింది, ప్రేమ్ చేరింది అని రెండు ముక్కలు చెప్పి ఊరుకుంది. హమ్మయ్య అనుకుని రీస్టార్ట్ చేశాను.

మెనూ వచ్చింది. రాజీ. ప్రేమ్. వెంటనే విండోస్ వస్తుందని చూస్తున్నాను. రాలేదు. మూలన అంకె ఉండే చోట అంకె లేదు. అడ్డగీతలున్నాయి. గీత పక్కన గీత. కదలడం లేదు.

నిమిషం చూశాను. రెండు నిమిషాలు చూశాను. పత్రిక మళ్ళీ తిప్పాను. ఆ పేజీ కిందే, చిన్న అక్షరాల్లో, పెన్సిలు గీత గీసి మరీ ఉంది. టైమవుట్ లైను లేకపోతే గడువు లేనట్టే. ఎవరో ఒకరు వచ్చి నొక్కే వరకూ ఎంతకాలమైనా ఆగుతుంది.

నా తెలివితక్కువతనానికి నాకే నవ్వొచ్చింది. ముప్ఫై సెకన్లు పీకేద్దామని పోయి, ఆవిడకి టైమంతా రాసిచ్చేశాను. చెయ్యి కీబోర్డు మీదకి చాపాను, మళ్ళీ లోపలికి వెళ్ళి సరిచేద్దామని. అప్పుడే కరెంటు పోయింది. గడియారం చూశాను, అది నాకు అలవాటు. నాలుగూ నలభై.

కొండల్లో పొగమంచు దిగిన సాయంత్రం కరెంటు పోతే ఎలా ఉంటుందో తెలుసా? పూర్తి చీకటి కాదు. బూడిద రంగు వెలుతురు. అందులో ఏ వస్తువూ దాని ఆకారంలో ఉండదు. జీపుల చప్పుడు లేదు. కుక్కలు కూడా ఊరుకున్నాయి. కొవ్వొత్తి కోసం వెనక వంటింట్లోకి వెళ్ళాను.

అగ్గిపెట్టె తడుముతుంటే ముందు గదిలో కుర్చీ కిర్రుమంది.

అది గుండ్రంగా తిరిగే కుర్చీ. మనిషి కూర్చుంటే ఒక చప్పుడు, లేస్తే ఒక చప్పుడు. నేను విన్నది కూర్చున్న చప్పుడు.

"ఏమండీ... వచ్చేశారా?"

పుల్ల గీశాను, ఆరిపోయింది.

"ఎవరు?"

కొవ్వొత్తి వెలగడం లేదు. నాలుగు పుల్లలు పోయాయి. అప్పుడు వాసన వచ్చింది. ఇప్పనూనె వాసన. ఈ కొండల్లో ఆడవాళ్ళు తలకి రాసుకుంటారు. నేను కొబ్బరినూనె తప్ప రాసుకోను. మా ఇంట్లో ఇప్పనూనె లేదు. ఆ వాసన గుమ్మం దగ్గరికి వచ్చి ఆగింది. లోపలికి రాలేదు. అక్కడే ఉంది.

ఆ క్షణంలో అసిరమ్మ మాట చెవిలో మోగింది. చప్పట్లు కొట్టాలి. చేతులు పైకెత్తాను. అరచేతులు రెండూ ఒకదానికొకటి తగలనివ్వలేదు నా వణుకు. మొహం గోడ వైపు తిప్పుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ముందు గదిలో చక్రాలు నేల మీద కొంచెం జరిగాయి. ఆగాయి. మళ్ళీ జరిగాయి...

కరెంటు వచ్చింది. ఐదూ పది. వంటింటి బల్బు వెలగ్గానే ప్రాణం లేచొచ్చింది. ముందు గదిలోకి వెళ్ళాను. ఎవరూ లేరు. ఆ కంప్యూటరుకి స్విచ్ కట్టకపోతే కరెంటు రాగానే అదే ఆన్ అవుతుంది. మెనూ వచ్చేసి ఉంది. రాజీ. ప్రేమ్. అడ్డగీతలు.

కుర్చీ మీద చెయ్యి వేశాను. జనవరిలో ఆ రెక్సిను సీటు ఐసు ముక్కలా ఉంటుంది, కూర్చోవాలంటే దుప్పటి మడిచి వేసుకుంటాం. వెచ్చగా ఉంది.

చెయ్యి లాగేసుకున్నాను. ఎంటర్ నొక్కితే పోతుంది, విండోస్ వచ్చేస్తుంది. నాకు తెలుసు. కానీ కీబోర్డు ఆ కుర్చీకి అవతల ఉంది.

అలా ఉండగానే జీపు ఆగింది. మా ఆయన మఫ్లరు విప్పుకుంటూ లోపలికొచ్చారు. నన్ను చూడలేదు. తెర చూశారు. చూసి, అలవాటు ప్రకారం చేతులు వెనక్కి కట్టుకున్నారు. ముప్ఫై సెకన్లు గడిచాయి. నిమిషం గడిచింది.

"అంకె ఏమైంది ఉమా?" అన్నారు మెల్లగా.

"నాకు తెలీదండీ." అబద్ధం చెప్పాను.

ఆయన గాలి పీల్చారు. "ఇప్పనూనె..."

"ఏమండీ," గుసగుసగా అన్నాను, "ఎంటర్ కొట్టండి. మీ పేరే వెలుగుతోంది. కొట్టెయ్యండి."

ఆయన వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు. అది వెచ్చగా ఉందని ఆయనకి తెలియాలి. తెలిసే ఉంటుంది, ఎందుకంటే రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టి, ఎవరి ఒళ్ళోనో కూర్చున్నట్టు నెమ్మదిగా వెనక్కి ఆనుకున్నారు.

"కొట్టండి. మీకు దణ్ణం పెడతాను."

ఆయన నా వైపు చూశారు. పెళ్ళయ్యాక మొదటిసారి అంతసేపు చూశారు. పాపం అన్నట్టు చూశారు. తర్వాత వేలు చాచి, పైకి బాణం ఉన్న కీ నొక్కారు. 'రాజీ' వెలిగింది. ఎంటర్ కొట్టారు.

ఇన్నాళ్ళూ ముప్ఫై సెకన్లు అయిపోయేవి కాబట్టి ఆయన నా దగ్గరికి వచ్చేవారు. ఎంచుకోవలసిన పని ఉండేది కాదు. ఆ పని నేనే పెట్టాను ఆయనకి.

అక్షరాలు పరిగెత్తి ఆగాయి. పేరు అడిగింది. రాజీ అని కొట్టారు. పాస్‌వర్డ్ అడిగింది. అదీ ఆయనకి తెలుసు. లోపలికి వెళ్ళగానే తెర మీద ఒక లైను వచ్చింది. ఈ పేరుతో మనిషి కిందటిసారి ఎప్పుడు లోపలికి వచ్చిందో ఆ కంప్యూటరు చెబుతుంది. నేను పాస్‌వర్డ్ లేకుండా దొడ్డిదారిన వెళ్ళాను, ఆ పేరుతో కాదు. అది 2002 ఆగస్టు చూపించాలి.

శుక్రవారం, జనవరి ముప్ఫై, నాలుగూ యాభై రెండు.

కంప్యూటర్లో గడియారం తప్పు నడుస్తోందేమో అనుకుందామంటే ఆయన దాన్నే టైం అడిగి చూశారు. ఐదూ ఇరవై ఆరు అంది. నా చేతి గడియారంలోనూ ఐదూ ఇరవై ఆరే. నాలుగూ యాభై రెండుకి ఈ ఇంట్లో కరెంటే లేదు.

ఆయన ఆ లైను మీద వేలు పెట్టి, బడిపిల్లాడు చదివినట్టు రెండు మూడు సార్లు చదువుకున్నారు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు.

"ఉమా," అన్నారు తల తిప్పకుండా, "కాసేపు బయట కూర్చుంటావా?"

ఎంత మర్యాదగా అడిగారంటే, షాపుకి వచ్చిన వాళ్ళని అడిగినట్టు అడిగారు. చెంప మీద కొట్టినా అంత బాధ పడేదాన్ని కాదు. భయం ఎక్కడికి పోయిందో పోయింది, ఒళ్ళంతా మంట. బయటికొచ్చాను. తలుపు కావాలనే వెయ్యలేదు. ఏం మాట్లాడుకుంటారో నేనూ వింటాను, నేను కట్టుకున్న పెళ్ళాన్ని కాదా అనుకున్నాను.

అరుగు మీద కూర్చున్నాను. పొగమంచు నా పక్కనుంచే లోపలికి పోతోంది. సందులో ఎవరూ లేరు. లోపల కీబోర్డు చప్పుడు మొదలైంది.

మా ఆయన రెండు వేళ్ళతో వెతుక్కుంటూ కొట్టే మనిషి. ఈ చప్పుడు అలా లేదు. పది వేళ్ళూ పడుతున్నాయి, వాన పడ్డట్టు. ఒక లైను గబగబా పడుతుంది. ఆగుతుంది. ఆయన చిన్నగా నవ్వుతారు. మళ్ళీ ఒక లైను. ఆయన "అవునా..." అంటారు. మళ్ళీ నవ్వుతారు. ఆ నవ్వు నాతో ఎప్పుడూ నవ్వలేదు. అది వింటూ ఏడ్చాను. దెయ్యానికి భయపడి ఏడ్చానని మా అమ్మ ఇప్పటికీ అనుకుంటుంది.

ఆగలేకపోయాను. లేచి తలుపు సందులోంచి చూశాను.

ఆయన కుర్చీలో ముడుచుకుని కూర్చున్నారు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నారు. కీబోర్డు మీద ఎవరి చేతులూ లేవు. నేను చూస్తుండగానే చప్పుడు ఆగిపోయింది. ఆయన మొహంలో నవ్వు అలాగే ఉంది. అప్పుడు నెమ్మదిగా, నాకు అందేలాగా అన్నట్టు, ఒక్కో అక్షరం తెర మీద పడటం మొదలైంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. మొదట నా పేరు వచ్చింది.

'ఉమా, తలుపెయ్యి. ఆయనకి చలి పడదు.'

ఎనిమిది నెలలు కాపురం చేశాను. ఆయనకి చలి పడదని నాకు తెలీదు.

తలుపు వేశాను.